వందన అరిచిన రైట్ రైట్

బడి గంట చివరి మోత ఇంకా ఆగలేదు. వందన అప్పటికే రోడ్డు అంచుకు వచ్చి నిలబడి, కుడి చెయ్యి పైకెత్తింది. వడ్ల బస్తాలతో వస్తున్న ట్రాక్టరు కీచుమంటూ ఆగింది.

"రైట్ రైట్!" అని అరిచింది వందన.

వెనకున్న పద్నాలుగు మంది పిల్లలు కూడా "రైట్ రైట్!" అంటూ తెల్ల చారల మీదుగా బిలబిలమని రోడ్డు దాటేశారు.

ట్రాక్టరాయన నవ్వాడు. "అబ్బో! ఏం పోరివే నువ్వు! ట్రాఫిక్ పోలీసోని లెక్క ఆపుతున్నవ్" అన్నాడు.

ఇంకేం, వందన కాళ్ళు నేల మీద ఆనలేదు.

వందన ఐదో తరగతి చదువుతోంది. వాళ్ళ ఊరు పెన్‌పహాడ్ మండలంలో ఉంది. ఊరు రోడ్డుకు ఒక పక్క, బడి మరో పక్క. మధ్యలో సూర్యాపేట బస్సులు, మిర్యాలగూడ మిల్లులకు వెళ్ళే లారీలు పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటాయి. అందుకని రెండు వారాల కింద బడి ముందు జీబ్రా క్రాసింగ్ వేశారు. రంగు ఆరగానే చరిత టీచర్ పిల్లలందరినీ గేటు దగ్గరికి తీసుకొచ్చింది. టీచర్‌ది కోదాడ. ఆమె మాట్లాడే తీరు పిల్లలకు కొంచెం కొత్తగా ఉంటుంది.

"ఇదిగో, ఈ చారల మీద నడిచేవాళ్ళకి బండ్లు దారి ఇవ్వాలి. ఎంత పెద్ద లారీ అయినా ఆగాల్సిందే. దీన్నే రైట్ ఆఫ్ వే అంటారు. ఇక్కడ రైట్ మనదే. కానీ..." అంది టీచర్.

ఆ "కానీ" తర్వాత టీచర్ చాలాసేపు చెప్పింది. కుడివైపు చూడాలంది, ఎడమవైపు చూడాలంది, బండి పూర్తిగా ఆగాలంది. అవేవీ వందన చెవికి ఎక్కలేదు. "రైట్ మనదే" అన్న మాట దగ్గరే ఆమె ఆగిపోయింది.

ఎందుకంటే వందనకు ఇంకో రైట్ ముందే తెలుసు. సూర్యాపేట బస్సులో కండక్టర్ "రైట్ రైట్" అంటాడు చూడండి, అది. ఆ మాట అన్నాడంటే అంత పెద్ద బస్సూ బుద్ధిగా కదులుతుంది. బస్సు నడిపేది డ్రైవరే అయినా, బస్సుకు పెద్ద మాత్రం కండక్టరే అని వందన నమ్మకం. టీచర్ చెప్పిన రైటూ, కండక్టర్ అనే రైటూ ఆమె బుర్రలో కలిసి ఒకటైపోయాయి. మర్నాటి నుంచి చెయ్యి ఎత్తడం, "రైట్ రైట్" అని అరవడం, దాటేయడం.

"టీచర్ రెండు దిక్కుల సూడుమన్నది గదా?" అని ఒకసారి హరీష్ అడిగాడు. వాడూ ఐదో తరగతే.

"సూసుడు ఎందుకురా? రైట్ మనదే గద!" అంది వందన. వందనతో వాదన పెట్టుకొని గెలిచినవాడు ఆ బడిలో లేడు.

ఒక్క చిక్కు మాత్రం ఉండేది. వందన తమ్ముడు చంద్రు ఒకటో తరగతి. "రోడ్డు మీద తమ్ముని చెయ్యి ఇడువకు బిడ్డా" అని అమ్మ సంగీత రోజూ పొద్దున చెప్పి పంపుతుంది. కానీ వందనకు ఉన్నవి రెండే చేతులు. ఒకటి బండ్లను ఆపాలి, రెండోది పిల్లలను పిలవాలి. ఇక తమ్ముడికి మిగిలేది ఏముంది? వాడు వెనకాల వాడి దారిన వాడు వచ్చేవాడు. అదీ మెల్లగా. వచ్చే ఏడాదికి కూడా పనికొస్తాయని నాన్న వాడికి పెద్ద సైజు చెప్పులు కొన్నాడు. అవి కాళ్ళ కంటే ముందు నడిచేవి.

గురువారం సాయంత్రం పసుపు పచ్చ బస్సు వచ్చింది. సూర్యాపేటలోని ఒక ప్రైవేటు స్కూలు బస్సు అది. ఊళ్ళోని నలుగురైదుగురు పిల్లలను రోజూ అక్కడే దింపుతుంది. డ్రైవరు సత్తయ్య. పిల్లలు దిగాక, లోపల వాళ్ళను చూసుకునే ఆయమ్మ "రైట్ రైట్" అంటే బస్సు కదిలిస్తాడు.

వందన చెయ్యెత్తింది. సత్తయ్య చారల దాకా వచ్చి ఆపాడు. వందన ముందు, మిగతా పిల్లలు వెనక, అందరూ బస్సు ముందు నుంచి పరుగున దాటేశారు. అవతలి అంచుకు చేరాక వందన వెనక్కి తిరిగి చూసింది.

చంద్రు సరిగ్గా బస్సు ముందు ఉన్నాడు. ఒక చెప్పు ఊడిపోయింది. వంగి దాన్ని కాలికి తొడుక్కుంటున్నాడు.

"అరే, జల్ది రారా! రైట్ రైట్!" అని గట్టిగా అరిచింది వందన.

బర్రుమంటూ బస్సు కదిలింది.

హరీషే "ఆగు! ఆగు!" అంటూ రెండు చేతులూ ఊపాడు. మిగతా పిల్లలు కెవ్వున కేక పెట్టారు. ఆ కేకకు సత్తయ్య బ్రేకు తొక్కేశాడు. బస్సు ఊగి ఆగింది. చంద్రు వెనక్కి తూలి, రోడ్డు మీద చతికిలబడి ఉన్నాడు. వాడి చెప్పు చక్రం కింద ఉంది. చక్రానికీ వాడి కాలికీ మధ్య జానెడు దూరం.

ఎదురుగా టీ కొట్టు దగ్గరున్న వాళ్ళంతా పరుగెత్తుకొచ్చారు. ఒకాయన చంద్రును ఎత్తుకున్నాడు. మిగతావాళ్ళు డ్రైవరు మీద పడ్డారు.

"కండ్లు నెత్తికెక్కినయా? పోరని మీదికి తోల్తవా?"

"దిగు ముందుగాల! నీకు లైసెన్స్ ఎవడిచ్చిండు?"

సత్తయ్య దిగాడు. "నేను ఆపిన గదయ్యా. పోరలందరు అవుతల కనవడ్డరు. ఆయమ్మ రైట్ రైట్ అన్నది. అందుకే కదిలిచ్చిన" అన్నాడు.

ఆయమ్మ తలుపు దగ్గరికి వచ్చి, "నేనెప్పుడన్న? నేను పోరల బ్యాగులు తీస్తున్న. నా నోట్లకెల్లి మాటే రాలే" అంది.

"మరి ఎవలన్నరు? దయ్యం అన్నదా?" అని ఎవరో వెటకారం చేశారు. అందరూ సత్తయ్యనే మళ్ళీ తిట్టడం మొదలుపెట్టారు. ఆయన తల దించుకుని నిలబడ్డాడు.

హరీష్ వందన వైపు చూశాడు. వందన నేల వైపు చూసింది. తేలు కుట్టిన దొంగకు ఎలా ఉంటుందో ఆ క్షణంలో ఆమెకు బాగా తెలిసింది. ఇంతలో చరిత టీచర్ వచ్చి చంద్రు కాళ్ళూ చేతులూ తడిమి చూసింది. గీత కూడా పడలేదు. వాడు మాత్రం "నా చెప్పూ..." అని ఒకటే ఏడుపు.

ఇంట్లో అమ్మ సంగతి విని గుండెలు బాదుకుంది. చంద్రును ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ డ్రైవరుకు శాపనార్థాలు పెట్టింది. ఒక్కో తిట్టూ వందనకు తన వీపు మీద పడుతున్నట్టే ఉంది. అక్కడ కూర్చోలేక తాతకు ఎదురు వెళ్ళింది.

తాత వీరయ్యకు నలభై గొర్రెలున్నాయి. పొద్దు గూకే ముందు మేపు నుంచి వాటిని తోలుకుని అదే రోడ్డు దాటి ఇంటికి వస్తాడు. వందన వెళ్ళేసరికి తాత మందను రోడ్డు పక్కన ఆపి ఉన్నాడు. ముందు నడిచే పొట్టేలు మెడ తాడు ఆయన చేతిలో ఉంది.

"ఈ తాడు జర పట్టుకో అవ్వా" అన్నాడు తాత. ఆయన ముద్దొస్తే మనవరాలిని అలాగే పిలుస్తాడు.

ఒక కారు వచ్చి ఆగింది. అటువైపు నుంచి వచ్చిన లారీ కూడా ఆగింది. తాత మాత్రం మందను కదిలించలేదు.

"ఆగినయ్ గద తాతా, తోలు" అంది వందన.

"కారు ఆగింది. కారాయన ఇంక ఆగలే. ఫోన్ల ఉన్నడు సూడు" అన్నాడు తాత. కర్ర పైకెత్తి, "ఓ సారూ!" అని కేకేశాడు. కారాయన తల ఎత్తి, మందను చూసి, పొమ్మన్నట్టు తలూపాడు. తాత లారీ వైపు తిరిగి ఆ డ్రైవరు ముఖం కూడా చూశాడు. అప్పుడు నాలుకతో టకటకమని చప్పుడు చేశాడు.

వందన పొట్టేలుతో ముందు నడిచింది. దాని వెనక మంద అంతా సాగింది. తాత ఇవతలే నిలబడ్డాడు. నాలుగు రోజుల కింద పుట్టిన పిల్ల ఒకటి రోడ్డు దిగకుండా బెదిరి వెనక్కి పోతోంది. దాన్ని పట్టుకుని, చంకలో పెట్టుకుని, అందరికంటే ఆఖర్న దాటాడు. దాటాక కారాయనకు చెయ్యి ఊపాడు.

అది చూస్తుంటే వందనకు ఏడుపు ఆగలేదు. వెక్కుతూ వెక్కుతూ జరిగిందంతా చెప్పేసింది. తాత చంకలోని పిల్లను కిందికి దించి, తలపాగా కొంగుతో మనవరాలి ముక్కు తుడిచాడు.

"రైట్ మాదే అని టీచరే చెప్పింది తాతా" అంది వందన.

"మీదే. ఎవలు కాదన్నరు? నడిచేటోనికి దారి ఇడవాల్సిందే. గని బండికి కండ్లుండయ్ బిడ్డా, నడిపేటోనికి ఉంటయ్. ఆయన కండ్లల్ల నువ్వు వడ్డంకనే అడుగెయ్యాలె. నీ రైట్ నీకు తెలిస్తె సాలదు, ఆయనకు గూడ తెల్వాలె."

"నేను లీడర్ని గద. ముంగట ఉరికితెనే అందరు నా ఎంట వస్తరు."

"ముంగట పొట్టేలు గూడ నడుస్తది" అని తాత నవ్వాడు. "ఎనకవడ్డ పిల్లను సూసేటోడే కాపరి."

కొంచెం దూరం నడిచాక తాత మళ్ళీ అన్నాడు. "ఆ డ్రైవర్ తప్పు ఆయనకు ఉండనే ఉంది. గని నీ వంతు తిట్లు గూడ ఆయనే తిన్నడు. రేపు ఏం చేస్తవో నువ్వే ఆలోచన చేసుకో."

అమ్మకు ఆ రాత్రే చెప్పేసింది. అమ్మ కోప్పడింది, తర్వాత దగ్గరికి తీసుకుంది. అది తేలికగానే అయింది. కష్టమైనది రేపు ఉంది.

శుక్రవారం సాయంత్రం పసుపు బస్సు వచ్చి ఆగింది. పిల్లలెవరూ రోడ్డు దిగలేదు. చరిత టీచర్ చంద్రు చెయ్యి పట్టుకుని వాళ్ళతో పాటే నిలబడి ఉంది. వందన బస్సు తలుపు దగ్గరికి వెళ్ళింది. టీ కొట్టు దగ్గర నిన్నటి వాళ్ళే కూర్చుని ఉన్నారు. వందన కావాలనే గొంతు పెంచింది. తప్పు చెప్పేటప్పుడు గొంతు చిన్నగా పెట్టడం ఆమెకు నచ్చలేదు.

"కాకా, నిన్న రైట్ రైట్ అన్నది ఆయమ్మ కాదు. నేను. మా తమ్ముణ్ణి రమ్మని అరిచిన."

సత్తయ్య ఇంజను ఆపాడు. "రాత్రి కండ్ల మీద కునుకు లేదు బిడ్డా. ఎవలు అనకుండనే నాకు ఇనవడ్డదా, నా చెవులకు ఏమన్న రోగమొచ్చిందా అని పరేషాన్ అయిన" అన్నాడు.

"నన్ను మాఫ్ చెయ్ కాకా."

"నీ ఒక్కదానిదే కాదు. ఎవలు రైట్ అన్నా ముంగట సూసుకునుడు నా పని. నేను సూడలే" అన్నాడు సత్తయ్య. నిన్న అందరికంటే గట్టిగా అరిచినాయన తన టీ గ్లాసులోకి చూసుకుంటూ కూర్చున్నాడు.

సత్తయ్యకు ఏదో తోచింది. తాళంచెవి తీసి జేబులో వేసుకుని, "ఎక్కు. నా సీట్ల కూసో. టీచరమ్మా, ఆ చిన్నోణ్ణి జర బస్సు ముంగటికి తోలుకరాండ్రి" అన్నాడు.

వందన డ్రైవరు సీటు మీద మోకాళ్ళ మీద నిలబడి అద్దంలోంచి చూసింది. టీ కొట్టు కనపడుతోంది. బడి గేటు కనపడుతోంది. టీచర్ తల కూడా కనపడుతోంది. చంద్రు మాత్రం కనపడలేదు.

"చంద్రు ఏడున్నడు?" అని అడిగింది వందన.

"ఈడనే ఉన్న అక్కా!" అని అద్దం కింది నుంచి వాడి గొంతు వినపడింది.

వందన మెడ చాచి చూసింది. అయినా వాడు లేడు. రోడ్డు ఖాళీగా, నున్నగా ఉంది. నిన్న సత్తయ్య చూసినా ఇంతే కనపడేదని అర్థమైంది.

టీచర్ వాడిని ఒక్కో అడుగే వెనక్కి నడిపించింది. ఆరో అడుగుకు వాడి జుట్టు కనపడింది. ఎనిమిదో అడుగుకు నవ్వుతున్న ముఖం వచ్చింది.

"ఇరవై ఏండ్ల సంది నడుపుతున్న. ఒక్కనాడన్న ఇట్ల పోరణ్ణి నిలవెట్టి సూడలే" అన్నాడు సత్తయ్య. ఇక నుంచి చారలకు పది అడుగుల ముందే ఆపుతానన్నాడు. టీచర్ అక్కడికక్కడే సుద్దముక్కతో రోడ్డు పక్కన గీత గీసింది. ఆ మర్నాడు దాని దగ్గర నుంచి రోడ్డుకు అడ్డంగా సున్నంతో గీత వేశారు.

"నేనా రోజు రైట్ మనదే అన్నాక, కానీ అన్నాను. గుర్తుందా వందనా?" అని అడిగింది టీచర్.

"లేదు టీచర్. నేను అక్కడిదాక ఇనలేదు. ఇప్పుడు చెప్పుండ్రి" అంది వందన.

టీచర్ మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఈసారి వందన మధ్యలో నాలుగు ప్రశ్నలు కూడా అడిగింది.

సోమవారం మబ్బు పట్టింది. చినుకులు పడేలోపు ఇంటికి చేరాలని పిల్లలంతా తొందరపడుతున్నారు. అందరూ ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకుని నిలబడ్డారు. ముందు హరీష్, అందరికంటే వెనక వందన, చంద్రు. ఆమె ఎడమ చేతిలో తమ్ముడి చెయ్యి గట్టిగా ఉంది.

కోదాడ వైపు పెళ్ళికి వెళ్తున్న తెల్ల కారు ఒకటి వచ్చి ఆగింది. కారాయన మంచివాడు. నవ్వుతూ రమ్మని చెయ్యి ఊపాడు.

"రమ్మంటున్నడు, పదండ్రి!" అన్నాడు హరీష్.

"ఆగు హరీష్!" అంది వందన. "కారు ఆగింది. కారు ఎనకాల ఏమొస్తున్నదో కనవడతలేదు."

హరీష్ ఎత్తిన కాలు దించేశాడు. ఆ మాట అన్న మరుక్షణమే కారును దాటుకుని ఒక బైకు దూసుకొచ్చింది. తెల్ల చారల మీదుగా సర్రున వెళ్ళిపోయింది. పిల్లల చొక్కాలకు గాలి కొట్టింది. కారాయన నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

వందన కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది, మళ్ళీ కుడివైపు చూసింది. అవతలి నుంచి వచ్చిన ఆటో నిలబడింది. ఆటో ఆయన ముఖం చూసింది. కారాయన ముఖం చూసింది. ఇద్దరూ పిల్లలనే చూస్తున్నారు.

"ఇగ నడువుండ్రి. ఉరుకకుండ్రి" అంది.

పిల్లలు నడిచారు. సరిగ్గా నడిమధ్యలో రెండో తరగతి పిల్ల తారా చేతిలోంచి నీళ్ళ బాటిల్ జారిపోయింది. దొర్లుకుంటూ కారు ముందుకు పోయింది. తారా గబుక్కున దాని వెనక వంగబోయింది.

"బాటిల్ పోతే పోనీ తారా, నువ్వు నడువు" అంది వందన. గొంతు గట్టిగా ఉంది కానీ అరుపు లేదు. తారా ఏడుపు ముఖం పెట్టి అవతలికి నడిచింది. దిగులుపడాల్సిన పని లేకపోయింది. కారాయనే కిందికి దిగి, బాటిల్ తీసుకొచ్చి తారా చేతిలో పెట్టాడు. ఆయన వెనక నిలబడ్డ లారీ హారన్ కొడితే, "జర ఆగవయ్యా, పోరలు పోతున్నరు!" అని గదమాయించాడు కూడా.

వందన ఒక్కొక్కరినే లెక్కపెడుతూ వచ్చింది. పద్నాలుగో తల అవతలి అంచుకు ఎక్కాక, తమ్ముడితో పాటు తానూ చారలు దాటి మట్టిలో అడుగుపెట్టింది. మొదటి చినుకు అప్పుడే పడింది.

చంద్రుకు మాత్రం ఇదంతా ఏమీ నచ్చలేదు. ఇంతకాలం అక్కే ఫస్ట్ అని వాడు బడిలో గొప్పలు చెప్పుకునేవాడు.

"అక్కా, అందరు పోయిర్రు. మనమే లాస్ట్!" అన్నాడు మూతి ముడిచి.

వందన వెనక్కి తిరిగి ఖాళీ అయిన తెల్ల చారలను ఇంకోసారి చూసుకుంది.

"ఔనురా" అంది గర్వంగా. "మనమే లాస్ట్."